చెట్లపై పెరుగు ఆర్కిడ్ మొక్కలు — వాటి పరాగ సంపర్కము, విత్తనోత్పత్తి

మన్యపు ప్రాంతములలోని పాత మామిడి చెట్టునో, ఇప్ప చెట్టునో తలయెత్తి చూచినచో, కొమ్మలను పట్టుకొని వ్రేలాడు ఒక మొక్క తరచు కనబడును. ఆకులు పట్టెల వలె సన్నగా, దళసరిగా, కాండమునకు రెండు వైపుల వరుసగా నుండును. తెల్లని లావు వేళ్లు బెరడుపై ప్రాకుచు, కొన్ని గాలిలో వ్రేలాడుచుండును. వేసవిలోను, తొలకరి వానలలోను పూవులు పూయును. రేకులపై గోధుమ రంగు గళ్లు, నడుమ నీలి ఊదా రంగు పెదవి, దగ్గరకు పోయినచో మంచి వాసన. శాస్త్రజ్ఞులు దీనికి వాండా టెస్సెల్లేటా అని పేరిడిరి. ఇది ఆర్కిడ్ కుటుంబమునకు చెందిన మొక్క.

ఈ మొక్కను చూపి రైతులు సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇది చెట్టు సారమును పీల్చివేయునా? కోసి పారవేయవలెనా?" ఈ ప్రశ్నకు సరియైన సమాధానము తెలియక ఎన్నో తోటలలో ఆర్కిడ్ మొక్కలను నరికివేయుచున్నారు. ఒక్క మొక్క పోయిన ఏమి నష్టమని మీకు తోచవచ్చును. ఆ మొక్క పూచి, కాయ కాచి, మరల మొలచుటకు ఎన్ని కలిసి రావలెనో తెలిసినచో ఆ మాట అనుట కష్టము. ఆ సంగతులనే ఇచ్చట వివరింతుము.

బదనిక వేరు, ఆర్కిడ్ వేరు

వేరొక చెట్టుపై మొలచిన మొక్కనెల్ల బదనిక అనుట మనకు వాడుక. ఇందువలననే పొరపాటు జరుగుచున్నది. నిజమైన బదనిక చెట్టుకు శత్రువే. పక్షులు దాని జిగురు పండును తిని, గింజను కొమ్మపై వదలును. ఆ గింజ మొలకెత్తి, తన వేరును బెరడు లోనికి చొప్పించి, చెట్టు నుండి నీటిని, లవణములను తీసికొనును. అది అంటుకొన్న చోట కొమ్మ కణుపు కట్టినట్లు ఉబ్బియుండును. ఆకులు వెడల్పుగా, దళసరిగా నుండును. ఉబ్బిన చోటికి దిగువన, కాయలు పండక ముందే, కొమ్మను కోసివేయుట దీనికి తగిన నివారణ.

ఆర్కిడ్ వేరు బెరడు లోనికి పోదు. దానిని జాగ్రత్తగా ఒలిచి చూచినచో క్రింది బెరడు చెక్కు చెదరక యుండును. కొమ్మ ఉబ్బదు. ఆ వేరిపై దూది వంటి మెత్తని తెల్లని పొర కలదు. వాన నీరు, మంచు ఆ పొరలో ఇంకును. బెరడు పగుళ్లలో చేరిన దుమ్ము, కుళ్లిన ఆకుల నుండి కొద్దిపాటి పోషక పదార్థము లభించును. ఆకుపచ్చని ఆకులు గలది కనుక తన ఆహారమును తానే తయారు చేసికొనును. చెట్టు దానికి ఇల్లే గాని అన్నము కాదు. ఎండిన బలహీనమైన కొమ్మపై పెద్ద గుంపుగా పెరిగినచో బరువునకు కొమ్మ విరుగవచ్చును. అంతకు మించి దాని వలన చెట్టుకు హాని లేదు.

పూవు నిర్మాణము

ప్రపంచమున ఆర్కిడ్ జాతులు 25,000కు పైగా కలవు. మన దేశమున సుమారు 1,250 జాతులు గుర్తింపబడినవి. కొన్ని చెట్లపైన, కొన్ని నేలపైన పెరుగును. పూవులు ఎన్ని రూపములలో నున్నను వాటి నిర్మాణము మాత్రము దాదాపు ఒక్కటే.

వెలుపల మూడు రక్షక పత్రములు, లోపల మూడు ఆకర్షక పత్రములు ఉండును. లోపలి మూడింటిలో ఒకటి మిగిలిన వాటికన్న భిన్నముగా పెరిగి, కీటకము వచ్చి వాలుటకు అరుగు వలె అమరియుండును. దీనిని పెదవి అందురు. మొగ్గలో పెదవి పై వైపున నుండును. పూవు విచ్చులోగా కాడ మెలి తిరిగి పెదవిని క్రిందికి తెచ్చును. కాడ వలె కనబడు ఆ భాగమే అండాశయము.

ప్రత్తి పూవులోను, వంగ పూవులోను మగ కేసరములు, ఆడ భాగము విడివిడిగా నుండుట మీరు చూచియుందురు. ఆర్కిడ్‌లో ఆ రెండును కలిసి ఒకే చిన్న స్తంభముగా ఏర్పడినవి. స్తంభము కొనపై చిన్న టోపీ, దాని క్రింద పుప్పొడి, ఇంకను దిగువన జిగురుతో నిండిన చిన్న గుంట ఉండును. ఆ గుంటయే కీలాగ్రము. పుప్పొడికి, గుంటకు నడుమ పలుచని అడ్డు తెర యుండుటచే చాలా జాతులలో పూవు పుప్పొడి తనంతట తాను అదే పూవు కీలాగ్రముపై పడజాలదు.

పుప్పొడి ముద్దలు

మొక్కజొన్న జల్లును తట్టిన పుప్పొడి ధూళివలె లేచి గాలిలో పోవును. ఆర్కిడ్ పుప్పొడి అట్లు ఎగురదు. అది పసుపుపచ్చని చిన్న ముద్దలుగా నుండును. వాండాలో ఇట్టి ముద్దలు రెండు. అవి ఒక చిన్న కాడకు అతికియుండును. కాడ రెండవ కొనయందు జిగురు బిళ్ల కలదు.

కీటకము పెదవిపై వాలి లోనికి తల దూర్చి వెనుకకు మరలునపుడు జిగురు బిళ్ల దాని తలకో, వీపునకో అంటుకొనును. పుప్పొడి ముద్దలు మొత్తము ఊడి దానితో బయలుదేరును. ఆ కీటకము వేరొక పూవులో దూరినపుడు ముద్ద జిగురు గుంటలో చిక్కుకొనును. పరాగ సంపర్కము ఒక్కసారిగా జరిగిపోవును.

ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించి 1862లో ఒక గ్రంథము ప్రకటించెను. అచ్చటి ఒక నేల ఆర్కిడ్ పూవులో ఆయన పెన్సిలు మొనను దూర్చి తీసెను. పుప్పొడి ముద్దలు పెన్సిలుకు అంటుకొని మొదట నిటారుగా నిలిచినవి. సుమారు అర నిమిషములో వాటి కాడలు ముందుకు వంగినవి. నిటారుగా నున్నపుడు అవి తరువాతి పూవులో పుప్పొడి యున్న చోటనే తగులును. వంగిన పిమ్మట సరిగా కీలాగ్రమునకు తగులును. ఈ కొద్ది ఆలస్యములో కీటకము వేరొక మొక్కకు పోవుటకు వ్యవధి దొరకును. స్వపరాగ సంపర్కము తగ్గి, పరపరాగ సంపర్కము జరుగును.

ఈ ఏర్పాటులో లాభము, ప్రమాదము రెండును కలవు. ఒక్క కీటకము రాకతో కాయలోని వేలకొలది అండములకు చాలినంత పుప్పొడి చేరును. కాని ఆ ముద్ద దారిలో పడిపోయినచో ఆ పూవు పుప్పొడి మొత్తము వ్యర్థమగును.

కీటకములను రప్పించు విధములు

నేల ఆర్కిడ్లలో హబినేరియా జాతులు చాలా వాటికి తెల్లని పూవులు, పూవు వెనుక పొడవైన గొట్టము ఉండును. గొట్టము అడుగున తేనె యుండును. ఇట్టి తెల్లని పూవులు చీకటిలోను కనబడును. రాత్రివేళ తిరుగు పెద్ద చిమ్మెటలు పొడవైన నాలుకను గొట్టములోనికి చాపి తేనె త్రాగును. చిలగడదుంప ఆకులను తిను, తోకపై కొమ్ము వంటి ముల్లు గల పెద్ద పురుగు మీరెరిగినదే. అది పెరిగి అట్టి చిమ్మెటయే యగును. పొలములో పురుగుగా నున్నపుడు నష్టము చేయునది రెక్కలు వచ్చిన పిమ్మట పూవులకు పనికివచ్చుట గమనింపదగినది.

అయితే ఆర్కిడ్ జాతులలో సుమారు మూడవ వంతు కీటకములకు ఏమియు పెట్టవు. రంగు, రూపము, వాసనలతో ఆశ చూపి వాటిని రప్పించును. జపాను దేశమున సింబిడియమ్ ఫ్లోరిబండమ్ అను ఆర్కిడ్‌ను పెంచుదురు. దాని పూవులో తేనె లేదు. అయినను అచ్చటి తేనెటీగలు, ఒక్కొక్కప్పుడు పట్టు విడిచి లేచిన గుంపు మొత్తముగా, ఆ పూవులపై వచ్చి వాలును. తేనెటీగల దవడ గ్రంథులలో నుండు కొన్ని ఆమ్లములే ఆ పూవులోను ఉన్నట్లు అచ్చటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తేనెటీగలను పెంచువారు ఈ మొక్క కుండీని ఖాళీ పెట్టె ప్రక్కన నుంచి కొత్త గుంపులను పట్టుకొందురు. ఆ తేనెటీగ మన దేశమున పెట్టెలలో పెంచు దేశవాళీ తేనెటీగ జాతికి చెందినదే.

మోసము వలన పూవునకేమి లాభమని అడుగవచ్చును. తేనె దొరికిన కీటకము అదే మొక్కపై పూవు పూవుకు తిరుగును. దొరకనిది ఒకటి రెండు పూవులు చూచి దూరముగా నున్న వేరొక మొక్కకు పోవును. పుప్పొడియు దానితో దూరముగా పోవును. కాని ఇట్టి పూవులకు కీటకములు వచ్చుట తక్కువ. వేడి దేశములలో తేనె లేని జాతులు చాలా వాటిలో నూరు పూవులకు పది కాయలు కూడ నిలువవు.

కీటకము లేనిచో ఏమగును — వెనిల్లా కథ

ఐస్‌క్రీములలో కలుపు వెనిల్లా ఒక ఆర్కిడ్ తీగ కాయ నుండి వచ్చును. దాని పుట్టిల్లు మెక్సికో. తీగను ఐరోపాకు, తరువాత హిందూ మహాసముద్రములోని దీవులకు తీసికొనిపోయి పెంచిరి. తీగ బాగుగా పెరిగినది, పూచినది. కాయ మాత్రము కాయలేదు. పుట్టినచోట పరాగ సంపర్కము చేయు కీటకములు కొత్త చోట లేవు.

1836లో బెల్జియమునందు ఛార్లెస్ మోరెన్ అను శాస్త్రజ్ఞుడు చేతితో పరాగ సంపర్కము జరిపి కాయలు కాయించెను. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అను 12 సంవత్సరముల బానిస బాలుడు సులభమైన పద్ధతిని కనుగొనెను. సన్నని పుల్లతో పూవులోని అడ్డు తెరను పైకెత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రముపై నొక్కుటయే ఆ పద్ధతి. నేటికిని కర్ణాటక, కేరళలతో సహా వెనిల్లా పండించు చోట్లనెల్ల ఇట్లే చేయుచున్నారు. పూవు ఒక్క దినమే విచ్చియుండును. కావున పూత కాలమున ప్రతి ఉదయము తోటలో మనుష్యులు తీగ తీగకు తిరుగవలెను.

కర్నూలు, గద్వాల ప్రాంతములలో సంకర ప్రత్తి విత్తనము తీయు రైతులకు ఈ శ్రమ కొత్త కాదు. పూవు పూవుకు చేతితో పుప్పొడి రుద్దుటకు ఎందరు కూలీలు కావలెనో వారికి తెలియును. కీటకము ఉచితముగా చేయు పని మనుష్యుని చేతికి వచ్చినపుడు ఎంత ఖర్చగునో వెనిల్లా కూడ చెప్పుచున్నది.

కాయ, విత్తనము

పరాగ సంపర్కము జరిగిన కొద్ది దినములలోనే పూవు వాడును; అండాశయము ఆకుపచ్చగా లావెక్కును. మన పంటలలో పూవు విచ్చునాటికే అండములు సిద్ధముగా నుండును. చాలా ఆర్కిడ్లలో అట్లు కాదు. పుప్పొడి పడిన పిమ్మటనే అండములు పూర్తిగా ఏర్పడుటకు మొదలిడును. ఫలదీకరణము జరుగుటకు కొన్ని వారములు, కొన్ని జాతులలో నెలలు పట్టును. వెనిల్లా కాయ ముదురుటకు సుమారు 8, 9 నెలలు కావలెను. వాండా కాయకును నెలలు పట్టును. పిమ్మట కాయ నిలువుగా చీలి, విత్తనములు ధూళివలె గాలిలో లేచిపోవును.

ఒక కాయలో విత్తనములు వేల నుండి లక్షల వరకు ఉండును. డార్విన్ ఒక ఆర్కిడ్ కాయలో సుమారు 6,200 విత్తనములు లెక్కించెను. ఆ మొక్కకు 30 కాయలున్నవి. అనగా ఒక మొక్కకు ఒక కాపులో 1,86,000. అవి అన్నియు మొలచినచో మూడు తరములలో భూమినంతను కప్పివేయునని ఆయన లెక్క కట్టెను. కాని అట్లు జరుగుట లేదు. దానికి కారణము విత్తనములోనే యున్నది.

వరి గింజను చూడుడు. పిండమునకు ప్రక్కన పిండి పదార్థము నిండుగా నిలువయున్నది. మొలక వేరు, ఆకు తొడుగు వరకు అదియే తిండి. ఒక వరి గింజ సుమారు 20 మిల్లీగ్రాములు తూగును. ఆర్కిడ్ విత్తనము చాలా జాతులలో అందులో వెయ్యవ వంతు కూడ తూగదు. పలుచని పొరలో కొద్ది కణముల పిండము తప్ప వేరేమియు లేదు. తల్లి మొక్క సద్ది మూట కట్టకుండ బిడ్డలను పంపినట్లే.

విత్తనమునకు తోడుపడు బూజు

అట్టి విత్తనము ఏమి తిని మొలకెత్తును? 1899లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ దీనిని కనుగొనెను. బెరడుపైన, నేలలోను ఉండు కొన్ని రకముల బూజు తీగలు విత్తనములోనికి ప్రవేశించును. అవి తెచ్చిన చక్కెరలను, ఇతర పోషకములను పిండము గ్రహించి చిన్న ఉండగా పెరుగును. ఆ ఉండ నుండి క్రమముగా ఆకు, వేరు వచ్చును. తగిన బూజు లేని చోట పడిన విత్తనము ఎండిపోవును. లక్షలలో ఒకటి రెండు మాత్రమే నిలద్రొక్కుకొనుటకు ఇదియే ముఖ్య కారణము. నిలిచినవి కూడ పూతకు వచ్చుటకు చాలా జాతులలో కొన్ని సంవత్సరములు పట్టును.

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు లేకుండ, చక్కెర, లవణములు కలిపిన గుజ్జుపై గాజు సీసాలలో ఈ విత్తనములను మొలిపించెను. 1960లో ఫ్రాన్సునందు జార్జి మోరెల్ చిగురు కొన ముక్క నుండి ఆర్కిడ్ మొక్కలను పెంచు పద్ధతిని ప్రకటించెను. నేడు అంగడిలో అమ్ము ఆర్కిడ్ పూవులు చాలవరకు ఇట్టి ప్రయోగశాల మొక్కల నుండి వచ్చినవే. మన దేశమున సిక్కిం రాష్ట్రములోని పాక్యాంగ్ వద్ద 1996లో జాతీయ ఆర్కిడ్ పరిశోధనా కేంద్రము నెలకొల్పబడినది.

కీటకము లేకుండ వృద్ధియగు జాతులు

అన్ని జాతులును కీటకముపై ఆధారపడవు. చేల గట్లపైన, తడి గల పచ్చిక బయళ్లలోను చలికాలమున మొలచు జ్యూక్సీన్ స్ట్రాటుమేటికా అను చిన్న ఆర్కిడ్ పరాగ సంపర్కము లేకయే విత్తనము కట్టగలదు. అందుచేతనే అది ఆసియా నుండి అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి అచ్చటి పచ్చికలలో కలుపు వలె వ్యాపించినది. నేల ఆర్కిడ్లు కొన్ని దుంపల ద్వారా వృద్ధియగును. కాని దుంప నుండి వచ్చినది తల్లికి నకలు మాత్రమే. అది దూరము పోజాలదు. కొత్త చెట్టుకు, కొత్త కొండకు చేరుటకు విత్తనమే దారి.

మీరే పరీక్షించి చూడవచ్చును

మీ తోటలో అందుబాటు ఎత్తున వాండా పూచినచో ఉదయము వేళ అగ్గిపుల్ల కొనను సన్నగా చెక్కి, స్తంభము పై టోపీని మెల్లగా ఎత్తుడు. పసుపుపచ్చని ముద్దలు పుల్లకు అంటుకొని వచ్చును. వాటిని వేరొక మొక్కపై నున్న పూవు జిగురు గుంటలో నుంచుడు. ఆ పూవుకు నూలు కట్టి గుర్తు పెట్టుడు. కొద్ది దినములలో పూవు వాడి కాడ లావెక్కినచో పని ఫలించినట్లే. ఒక మొక్కకు ఒకటి రెండు పూవులకు మించి చేయరాదు. కాయలు పెక్కు నిలిచిన మొక్క బలహీనపడును.

రైతులు పాటింపవలసిన విషయములు

1. కోయుటకు ముందు వేళ్లను చూడుడు. బెరడులో చొచ్చియుండి కొమ్మ ఉబ్బినచో బదనిక, కోసివేయుడు. బెరడుపైనే ప్రాకినచో ఆర్కిడ్, ఉండనిండు.

2. ఎండు కొమ్మ కొట్టవలసి వచ్చినచో దానిపై నున్న ఆర్కిడ్‌ను వేళ్లతో సహా ఒలిచి, తొలకరిలో వేరొక పాత చెట్టు గరుకు బెరడుకు కొబ్బరి త్రాటితో కట్టుడు. మట్టి వేయరాదు. వేళ్లు పట్టు దొరకిన పిమ్మట త్రాడు విప్పవచ్చును.

3. కాయలున్న మొక్కను కదల్పరాదు. కాయ పగిలి విత్తనము ఎగిరిన తరువాతనే మార్చుట మంచిది.

4. మామిడి పూతపై అవసరము లేనిదే పురుగు మందు చల్లరాదు. చల్లక తప్పనిచో ఈగలు, తేనెటీగలు తిరుగని సాయంకాలము చల్లుడు. మామిడికి పిందె పట్టించునవి కూడ ఈ కీటకములే.

5. బోర్డో మిశ్రమము తెగులు ఉన్న చోటనే వాడుడు. పాత చెట్ల బెరడుపై ఊరక చల్లినచో ఆర్కిడ్ విత్తనమునకు తోడుపడు బూజు కూడ నశింపవచ్చును.

6. మందు కొరకని, అలంకారము కొరకని అడవి ఆర్కిడ్లను కొనువారు వచ్చినచో అమ్మకుడు. అనుమతి లేక రిజర్వు అడవి నుండి మొక్కలను తెచ్చుట నేరము. దేశముల మధ్య ఆర్కిడ్ వ్యాపారము 1975 నుండి అమలులో నున్న అంతర్జాతీయ ఒప్పందమునకు లోబడియున్నది. పెంచి అమ్మదలచినవారు ప్రయోగశాల మొక్కలతో ప్రారంభించుట చట్టరీత్యాను, లాభము రీత్యాను మంచిది.

ఒక పాత మామిడి చెట్టును కొట్టినచో తిరిగి ఒక అంటు నాటవచ్చును. దానిపై నున్న ఆర్కిడ్‌ను అట్లు నాటుటకు వీలు లేదు. దానికి గరుకు బెరడు, తగిన బూజు, వచ్చి వాలు కీటకము, చేరువలో మరియొక పూచిన మొక్క, వీటన్నిటికి మించి సంవత్సరముల వ్యవధి కావలెను. ఇవన్నియు మీ చెట్టుపై ఇప్పటికే కుదిరియున్నవి. మీరు చేయవలసినదెల్ల కత్తిని ప్రక్కన బెట్టి, ముందు వేరును చూచుట.